చూసినంతే రాయమన్నావు

జనవరి 17, మంగళవారం

కాదు బాబాయ్, మన ఇంటి మీద గుడ్లు కొట్టినవాళ్ళెవరో నాకు నిజంగా తెలీదు. నువ్వు అడగలేదులే, అయినా చెప్తున్నా. పొద్దున లేచి చూస్తే ముందు గోడంతా పచ్చసొన గడ్డకట్టుకుపోయి ఉంది. ఈ చలికి గీకినా రావట్లేదు. వేడినీళ్ళు పోస్తే అవి కూడా గడ్డకట్టాయి. నాన్న కిటికీలోంచి చూసి, ఉంచెయ్ రా, ఎండాకాలం వస్తే అదే రాలిపోతుంది అన్నాడు.

ఫోన్ చెయ్యమని మెసేజీ పెట్టావు. నాకు ఫోన్లో మాట రాదు, నీకు తెలుసు కదా. ఇలా టైపు చేస్తే వస్తది. తప్పులుంటే చూసీ చూడనట్టు పో.

ఆదివారం ఇక్కడ ఏమైందంటే, నాన్నతో ఇనప ఫౌండ్రీలో పని చేసినవాళ్ళు ఐదారుగురు టీవీలో మనోళ్ళ ఫుట్‌బాల్ ఆట చూడ్డానికి వచ్చారు. నాన్న ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం తీసేసి పొయ్యి దగ్గర నిలబడి బీన్సూ కీమా వేసి పెద్ద గిన్నెడు కూర వండాడు. వద్దంటే వినలేదు. టీవీలో నువ్వు రిఫరీ చారల చొక్కాతో కనపడ్డప్పుడల్లా, అడుగో మా తమ్ముడు అని వేలు పెట్టి చూపించాడు. వాళ్ళకి తెలీదా ఏంటి. వాళ్ళలో సగం మంది నిన్ను భుజాల మీద మోసినవాళ్ళే. అయినా ప్రతిసారీ చూపించాడు.

చివర్లో మనోళ్ళ కుర్రాడు గోలు గీత అవతల గాల్లోకి ఎగిరి బంతి పట్టాడు. నువ్వు పక్కనే ఉన్నావు, రెండు చేతులూ పైకి ఎత్తావు. అంటే స్కోరు, అంటే గెలిచాం. ఇక్కడ ఇల్లు కూలిపోతుందనుకున్నా. అప్పుడు ఇంకో రిఫరీ పరిగెత్తుకుంటూ వచ్చి నీతో ఏదో అన్నాడు. నువ్వు చేతులు దించేశావు. కుర్రాడు కింద పడేటప్పుడు బంతి నేలకి తగిలి కదిలింది, కాబట్టి పట్టినట్టు కాదు అన్నారు. టీవీలో అన్ని వైపుల నుంచీ తిప్పి తిప్పి చూపించారు, ఎవరికీ ఏమీ తేలలేదు. తేలకపోతే మైదానంలో చెప్పిందే ఖాయమంట.

ఎవరూ నిన్ను తిట్టలేదు బాబాయ్. తిట్టినా బాగుండేది. కోట్లు వేసుకుని ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. కూర సగం అలాగే మిగిలిపోయింది. నాన్న ఒకే మాట అన్నాడు, ఎత్తినోడు ఎందుకు దించాడు అని. అప్పట్నించీ నీ పేరు ఎత్తట్లేదు.

అందుకే అడుగుతున్నా. ఎందుకు దించావు? చెప్తే నాన్నకి చెప్తా. ఆయన మళ్ళీ మామూలుగా అవుతాడు.

ఎమెట్


జనవరి 18, బుధవారం

ఒరేయ్ ఎమెట్,

నీ మెసేజీ బళ్ళో రెండో పీరియడ్ పాఠం చెప్పాక చూశాను. గోడకి వేడినీళ్ళు పోయకు, పెచ్చులూడుతుంది. గోరువెచ్చని నీళ్ళలో వెనిగర్ కలిపి, గుడ్డతో అద్దు. గట్టిగా రుద్దకు.

ఆ ఆట గురించి నేను మాట్లాడకూడదు నాన్నా. మా లీగ్ కట్టుబాటు అది. పేపరువాళ్ళతోనే కాదు, ఇంట్లోవాళ్ళతో కూడా మాట్లాడకూడదు. చెప్పేదేదో మైదానంలో చెప్పేసి వచ్చేస్తాం. ఈ పనిలో చేరిన కొత్తలోనే అన్నయ్యకి ఈ మాట చెప్పాను. ఆయనకి గుర్తుంటుంది.

ముక్కు గొట్టం తీసి పొయ్యి దగ్గర నిలబడటం ఏమిటి? ఊపిరితిత్తులు పాడైన మనిషి వంట చేస్తుంటే నువ్వు పక్కన నిలబడి చూశావా? క్రిస్మస్ అయ్యాక బడికి వెళ్తానన్నావు. వెళ్తున్నావా? ఇక్కడ ఇండియానాలో నా క్లాసులో నీ వయసువాళ్ళు ముప్పైమంది ఉన్నారు. వాళ్ళని చూసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు.

ఊళ్ళో ఎవరేమన్నా ఎదురు మాట్లాడకు.

గ్యారీ బాబాయ్


జనవరి 20, శుక్రవారం

బాబాయ్,

వెనిగర్ పని చేసింది. ఇల్లంతా పచ్చడి వాసన.

నాన్నకి నీ మాట చెప్పా. కట్టుబాటు ఉందంట, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదంట అని. నాన్న టీవీ ఆపేశాడు. తర్వాత, "వాణ్ణి ఎత్తుకుని తిప్పింది నేను, బంతి పట్టడం నేర్పింది నేను. ఇప్పుడు నేనూ పేపరోణ్ణి అయిపోయానా?" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, లీగ్‌తోనే కాపరం చేసుకొమ్మను అని. అది రాయొద్దనుకున్నా కానీ రాసేశా.

బడికి వెళ్ళట్లేదు. వెళ్తే నాన్న దగ్గర ఎవరుంటారు? అమ్మ అరిజోనా నుంచి వస్తదా? వెళ్ళి కూర్చున్నా నాకేమీ ఎక్కదు, అందరి ముందూ లేచి చదవమంటే లేచి బయటికి పోతా. ఆ సంగతి వదిలెయ్.

చర్చి ముందు అక్షరాలు మార్చే బోర్డు ఉంటది చూడు, దాని మీద ఈ వారం "దేవుడు అన్ని వైపుల నుంచీ చూస్తాడు, గ్యారీ" అని పెట్టారు. పాస్టర్ గారు సరదా మనిషి. నీ పేరు లేకపోతే నేనూ నవ్వేవాణ్ణి.

ఎమెట్


జనవరి 28, శనివారం

బాబాయ్ రా. నాన్నకి ఊపిరి అందట్లేదు. పెదాలు నీలంగా అయిపోయినయ్. పోతున్నాడనుకుంటా. నిన్ను చూడాలనే ఉందనుకుంటా. తొందరగా రా


జనవరి 30, సోమవారం

ఎమెట్,

రాత్రే ఇండియానాకి తిరిగొచ్చాను. శనివారం మీ దగ్గరికి నేను ఎలా వచ్చానో నీకు తెలియాలి. దారంతా మంచు కొట్టింది. రెండు చోట్ల లారీలు బోల్తాపడి ఉన్నాయి. మా అన్నయ్యని ప్రాణంతో చూస్తానో లేదో అనుకుంటూ ఐదు గంటలు ఎక్కడా ఆపకుండా నడిపాను.

తలుపు తీసేసరికి ఆయన కుర్చీలో కూర్చుని గుడ్లు తింటున్నాడు. పక్కింటాయన కూడా ఉన్నాడు. అన్నయ్య నన్ను చూసి, "నిన్నెవరు పిలిచారు? నా చావు కూడా టీవీలో తిప్పి చూసి తీర్పు చెప్తావా?" అన్నాడు. పక్కింటాయన నవ్వాడు. నేను కూర్చోలేదు. అన్నయ్య పక్కన నేనెప్పుడూ కూర్చునే కుర్చీ నిండా కోట్లు గుట్టలా పోసి ఉన్నాయి. వాటిని ఎవరూ తియ్యలేదు. నువ్వు కూడా తియ్యలేదు.

నిన్ను తిట్టడానికి కాదు ఇది. ఒక్క సంగతి నేర్చుకో. గొట్టం కుర్చీ కాలి కింద నలిగింది, పెదాలు నీలమయ్యాయి. అది నువ్వు చూసింది. పోతున్నాడు, నన్ను చూడాలనుంది, ఇవి నువ్వు ఊహించుకున్నవి. చూసింది మాత్రమే రాసి ఉంటే నేను ఇక్కణ్ణుంచే గొట్టం సరిచెయ్యమని చెప్పేవాణ్ణి. ఆయనా నేనూ పక్కింటాయన ముందు అలా నిలబడే గతి పట్టేది కాదు.

మా పనిలో మొదటి రోజు చెప్పే పాఠం ఇదే. కంటితో చూసింది చెప్పు. చూడనిది చూసినట్టు చెప్పకు. అలా అయి ఉంటుంది అనుకుని ఈల వేసినవాడు ఆ పనికి పనికిరాడు. ఇకనుంచి నాకు చూసినంతే రాయి.

గ్యారీ


ఫిబ్రవరి 5, ఆదివారం

బాబాయ్,

తప్పు నాదే. కోట్లు తియ్యాలని నాకు తట్టలేదు. నువ్వు గుమ్మంలో నిలబడితే నిన్నే చూస్తూ ఉండిపోయా.

ఇక చూసిందే రాస్తా. నాన్న పొద్దున జావ తాగాడు. మధ్యాహ్నం ఏమీ తినలేదు. నర్సు లూసిల్ గారు మంగళవారం, శుక్రవారం వచ్చారు. ఆవిడ భలే లావు మనిషి, మెట్లెక్కొచ్చి నాన్న కంటే ఎక్కువ రొప్పుతది. నాన్న ఆవిడకి తన గొట్టం ఇవ్వబోయాడు, కావాలా అని. ఆవిడ, నీ ముక్కులోది నాకెందుకయ్యా అంది.

ఈ రోజు ఫైనల్ ఆట కదా. మనోళ్ళు లేరు, నువ్వూ లేవు. ఎవరూ రాలేదు, కూర వండలేదు. నాన్న సౌండు తీసేసి చూశాడు. రిఫరీలు కనపడ్డప్పుడల్లా ముందుకి వంగాడు. ఇది చూశా కాబట్టి రాస్తున్నా.

ఆ ఆట నీకెందుకు ఇవ్వలేదు?

ఎమెట్


ఫిబ్రవరి 12, ఆదివారం

ఎమెట్ నాన్నా,

పోయినసారి కటువుగా రాశాను. చలిలో అంతసేపు బండి నడిపిన కోపం అది. మనసులో పెట్టుకోకు.

మాకు ప్రతి ఆటకీ మార్కులుంటాయి. బాగా వచ్చినవాళ్ళకే పెద్ద ఆటలు. నాకు ఆ తర్వాత పిలుపు రాలేదు. వచ్చే ఏడు ఉంచుతారో లేదో కూడా తెలియదు. ఆ కట్టుబాటుని ఈ ఒక్కసారి పక్కన పెడుతున్నాను. ఇది మీ నాన్నకి మాత్రమే. ఆయన మనసు బాగున్నప్పుడు చదివి వినిపించు.

అన్నయ్యా, నేను ఉన్నచోటు నుంచి ఆ కుర్రాడి చేతులు కనపడ్డాయి, బంతి కనపడింది, రెండు పాదాలూ పక్క గీతకి లోపలే పడటం కనపడింది. అందుకే చేతులెత్తాను. కానీ వాడు పడ్డప్పుడు వాడి వీపు నా వైపు ఉంది. అవతల వైపున్న కుర్ర రిఫరీ, ఇదే వాడికి మొదటి ఏడాది, పరిగెత్తుకొచ్చి నన్ను ఒకటే అడిగాడు. "వాడి కింద బంతిని చూశారా?" చూడలేదన్నాను. "నేను చూశాను, నేలకి తగిలి దొర్లింది" అన్నాడు. స్టేడియం మొత్తం నా చేతుల వైపే చూస్తోంది. మన ఊరు ఊరంతా చూస్తోందని నాకు తెలుసు, నువ్వు చూస్తున్నావని తెలుసు. అయినా నేను చూడనిది చూశానని ఎలా చెప్పను? దించేశాను. బంతి నిజంగా తగిలిందా అంటే, ఈ రోజుకీ నాకు తెలియదు.

అంతే.

గ్యారీ


ఫిబ్రవరి 15, బుధవారం

బాబాయ్,

చదివా. చదవడం నాకు సరిగా రాదు కదా, రెండుసార్లు ఆగాల్సొచ్చింది. నాన్న విసుక్కోలేదు. మెల్లగా చదువు, రైలేం పోవట్లేదు అన్నాడు.

అయిపోయాక కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నా. తర్వాత, "వాడు కింద చూడలేదా?" అని అడిగాడు. చూడలేదంట అన్నా. అప్పుడు నవ్వాడు. చిన్నప్పుడు సందులో ఆడుకునేటప్పుడు కూడా నువ్వు అంతేనంట. బంతి నీ చేతుల్లో ఉన్నా, ఎవరూ చూడకపోయినా, నేలకి తగిలింది అని నువ్వే చెప్పేవాడివంట. "వాడి వల్ల ఎన్ని ఆటలు ఓడిపోయామో లెక్కలేదు" అన్నాడు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గు చాలాసేపు ఆగలేదు.

సాయంత్రం నన్ను పిలిచి ఆ కుర్చీ మీద కోట్లు తియ్యమన్నాడు. తీశా. కుర్చీని ఇంకొంచెం తన వైపు జరపమన్నాడు. జరిపా. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇంకో మాట రాద్దామనుకున్నా. కానీ అది చూసింది కాదు.

ఎమెట్


ఫిబ్రవరి 20, సోమవారం

ఎమెట్,

నీ మెసేజీ పొద్దున్నించీ చాలాసార్లు చదువుకున్నాను. సందులో ఆటలు ఆయనకి గుర్తున్నాయంటే నాకు సగం బరువు దిగింది. కోట్లు తీసి ఎక్కడ పెట్టావు? హీటర్ దగ్గర పడేయకు, అంటుకుంటాయి. అలమరలో తగిలించు.

ఒక్కటి సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. అన్నయ్య నన్ను రమ్మన్నాడా? అన్నాడా, అనలేదా, అంతే. ఆయనకి అలా ఉంది, ఇలా ఉంది అని నీ తరఫున కలపకు. పిలవకుండా వస్తే ఏమవుతుందో ఇద్దరం చూశాం. మళ్ళీ ఆయన్ని అలా ఇబ్బంది పెట్టను.

అలాగే ఆయన ఎలా ఉన్నాడో కూడా రాయి.

బాబాయ్


ఫిబ్రవరి 24, శుక్రవారం

బాబాయ్,

అనలేదు.

కోట్లు అలమరలోనే పెట్టా.

నాన్న ఎలా ఉన్నాడంటే, లూసిల్ గారు ఇప్పుడు రోజూ వస్తున్నారు. వచ్చేటప్పుడు మఫిన్లు తెస్తారు. నాన్న తినట్లేదు, నేనే తింటున్నా. ఆయన డబ్బాలో పీచ్ పండు రెండు ముక్కలు తిన్నాడు. ఎక్కువసేపు నిద్రపోతున్నాడు. నిన్న నన్ను గడ్డం గియ్యమన్నాడు. నేనెప్పుడూ నా గడ్డమే సరిగా గియ్యలేదు, నాకింకా రాలేదు కూడా. గదవ కింద చిన్నగా తెగింది. "చంపెయ్ రా, ఆ ఊపిరితిత్తుల కంటే నువ్వే నయం" అన్నాడు. తర్వాత నీలం చొక్కా అడిగి వేసుకున్నాడు. ఎక్కడికీ వెళ్ళలేదు. ఈ రోజు కూడా అదే వేసుకున్నాడు.

బాగున్నాడా, బాలేడా అంటే నాకు తెలీదు బాబాయ్. చూసింది ఇంతే.

ఎమెట్


ఫిబ్రవరి 25, శనివారం

ఎమెట్ నాన్నా,

అనలేదంటే సరే. ఉన్నది ఉన్నట్టు చెప్పావు, సంతోషం.

గడ్డం గీయించుకున్నాడంటే, చొక్కా మార్చాడంటే ఓపిక వచ్చిందన్నమాట. నర్సు రోజూ రావడం కూడా మంచిదే. నాకిక్కడ పరీక్షలు మొదలవుతున్నాయి. మార్చి ఆఖర్లో వారం సెలవులొస్తాయి. అప్పటికి చలీ తగ్గుతుంది, ఆయన కోపమూ ఇంకొంచెం దిగుతుంది. ఆయన నోటితో ఒక్క మాట అంటే అప్పుడొస్తాను, నాలుగు రోజులుంటాను. నీకు గడ్డం గియ్యడం నేర్పిస్తాను.

నీ రాత బాగుపడింది, తెలుసా? జనవరిలో రాసినవి తీసి చూసుకో, ఇప్పటివి చూసుకో. ఒక్క ముక్క కల్పించకుండా రాస్తున్నావు. మంచి రిఫరీ అవుతావు.

గ్యారీ బాబాయ్


మార్చి 3, శుక్రవారం

బాబాయ్,

బుధవారం లూసిల్ గారు నీకు ఫోన్ చేసి చెప్పారు. తర్వాత ఫోన్ నాకిచ్చారు. నువ్వు అడుగుతూనే ఉన్నావు. నువ్వు ఏడుస్తున్నావు, నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డా. ఆవిడే తీసుకుని పెట్టేశారు. నీకు కోపం వచ్చిందేమో అని ఇది రాస్తున్నా.

నువ్వు అడిగింది, "అన్నయ్య చివర్లో నన్ను అడిగాడా?" అని. చూసింది రాస్తా.

బుధవారం ఎండ కాసింది. చూరు మీద మంచు కరిగి బొట్లు పడుతున్నాయి. నాన్న పొద్దున్నించీ మెలకువగానే ఉన్నాడు. వీధిలో బండి చప్పుడైతే "చూడు" అన్నాడు. చూశా. పోస్టాయన. ఇంకోసారి అన్నాడు. పక్కింటాయన ట్రక్కు. ఎవరి కోసమని ఆయన చెప్పలేదు. మధ్యాహ్నం సూప్ వేడి చేసి తెచ్చా, వద్దన్నాడు. మళ్ళీ ఏదో బండి చప్పుడైంది. ఈసారి ఆయనే తల తలుపు వైపు తిప్పాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎవరూ కాదు నాన్నా, అటు పోయింది అన్నా. సరేలే అన్నాడు. నేను సూప్ గిన్నె లోపల పెట్టి వచ్చేసరికి ఊపిరి ఆగిపోయి ఉంది. గొట్టం చూశా. ఎక్కడా నలగలేదు.

నీ పేరు అనలేదు. రమ్మని అనలేదు. అది నిజం.

రేపు పదింటికి చర్చిలో. పాస్టర్ గారు బోర్డు మీద నాన్న పేరు పెట్టారు. ఫౌండ్రీవాళ్ళందరూ వస్తారు. శవపేటికకి ఒక పక్క నువ్వు పట్టుకోవాలని వాళ్ళే అన్నారు, ఎవరూ నిన్నేమీ అనరు. ఇది నేను విన్నా, ఊహించింది కాదు.

ఇప్పుడు చూడంది ఒకటి రాస్తున్నా బాబాయ్. ఈ ఒక్కసారికి తిట్టకు. నాన్న నీ కోసం చూస్తున్నాడని నాకు తెలుసు. నీది చదివి వినిపించిన రోజే తెలుసు. గడ్డం గీసేటప్పుడు, ఇంక ఎన్నో రోజులు ఉండడని కూడా తెలుసు. ఎలా తెలుసంటే చెప్పలేను. ఆయన చెప్పలేదు, నర్సు చెప్పలేదు, కళ్ళకి ఏమీ కనపడలేదు. పోయిన శుక్రవారం టైపు చేశా. నాన్న నీ కోసమే చూస్తున్నాడు, ఇంక ఎన్నో రోజులు ఉండడు, రా అని. పంపేముందు, ఇది చూసిందా ఊహించుకుందా అని నన్ను నేనే అడుక్కున్నా. చెరిపేసి, పీచ్ పండు రెండు ముక్కలు తిన్నాడని రాశా.

అది చెరపకుండా పంపి ఉంటే, ఆ రోజే బండెక్కి వచ్చేవాడివా బాబాయ్? లేకపోతే చూసినంతే రాయమని మళ్ళీ మెసేజీ పెట్టేవాడివా?